గంజాయి మైనం, వీసా స్టాంపింగు

మొన్న వేసవిలో లాంగ్ వీకెండుకి నలుగురం డెన్వర్ వెళ్ళాం. రెండోరోజు సాయంత్రం మా రూమ్మేటు "ఒరేయ్, ఇక్కడ లీగలే కదా, చూసొద్దాం రా" అని గంజాయి షాపుకి లాక్కెళ్ళాడు. కొలరాడోలో 2012లో జనం ఓటేసి ఒప్పుకున్నారు, 2014 జనవరి 1 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళకి షాపుల్లోనే అమ్ముతున్నారు. లోపల నగల కొట్టులా ఉంది :)

మావాడు ఆకు వైపు చూడనే లేదు. అద్దాల బీరువాలో చిన్న డబ్బీల దగ్గర ఆగాడు. ఒకదాంట్లో తేనె లాంటిది, ఒకదాంట్లో మైనం, ఇంకోదాంట్లో గాజుపెంకులాంటి ముక్క. వీటినే కాన్సన్‌ట్రేట్లు అంటారు.

సంగతి ఏంటంటే, గంజాయి పువ్వు మీద సన్నటి జిగురు నూగు ఉంటుంది. మత్తునిచ్చే టిహెచ్‌సి ఎక్కువగా ఉండేది అందులోనే. ఆ నూగుని వేరుచేస్తే కాన్సన్‌ట్రేట్ అయినట్టే. మన దేశంలో చేతులతో నలిపి తీసే చరస్ కూడా ఆ కుటుంబమే. బ్యూటేన్ గ్యాసుతో కడిగి తీస్తే వ్యాక్స్, షాటర్. వేడి, ఒత్తిడితో మాత్రమే పిండితే రోజిన్. బ్యూటేన్ పద్ధతి ఇంట్లో ప్రయత్నించి ఇళ్ళు పేల్చుకున్నవాళ్ళున్నారు.

ఇప్పుడు లెక్క. షాపు పువ్వులో టిహెచ్‌సి సుమారు 15-25 శాతం. వీటిలో 60 నుంచి 90 దాకా. 80 శాతం ఉన్న మైనం గ్రాములో 800 మిల్లీగ్రాములన్నమాట! పైగా పువ్వైతే పది దమ్ముల్లో పోయేది, దీన్ని వేడి మేకు మీద పెట్టి ఒక్క గుక్కలో పీల్చేస్తారు. అలవాటు లేనివాడికి గుండెదడ, భయం, వాంతులు... అందుకే కొత్తవాళ్ళు దీంతో మొదలుపెట్టకూడదని అనుభవం ఉన్నవాళ్ళే చెప్తారు. లైసెన్సు లేని సరుకు ఇంకా ప్రమాదం. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు పాడై, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ముఖ్య కారణంగా తేలింది, బయట దొరికిన కార్ట్రిడ్జుల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్.

ఇవన్నీ అక్కడే చెప్పాను. వాడు "నీతో వస్తే ఇంతే, ఎక్కడైనా డాక్యుమెంటేషనే" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ డబ్బీ చూస్తే కుతూహలంగానే ఉంది. నన్ను ఆపింది ఆరోగ్యం కాదు, వీసా.

రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి నేరమే. వీసాలు, గ్రీన్ కార్డులు ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. కేసు అక్కర్లేదు, శిక్ష అక్కర్లేదు, ఆఫీసరు అడిగినప్పుడు "ఒకసారి వాడాను" అని మనం ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకపోవచ్చు. డీఎస్-160 ఫారంలో డ్రగ్స్ చట్టాల గురించి ప్రశ్న ఉంది. అబద్ధం రాస్తే అదింకో తప్పు. మావాడికి రెండు నెలల్లో చెల్లెలి పెళ్ళి, దానితోపాటే స్టాంపింగు!

పోనీ ఇంటికెళ్ళాక చూద్దామా అంటే, మన ఎన్‌డీపీఎస్ చట్టంలో హాష్ ఆయిల్ కూడా చరస్ కిందికే వస్తుంది. గంజాయికి చిన్న పరిమాణం కిలో అయితే, చరస్‌కి 100 గ్రాములే. ఆ చిన్న పరిమాణానికే ఏడాది దాకా జైలు.

అదంతా చెప్పి "చెల్లెలి పెళ్ళికి వెళ్ళి ఇక్కడికి తిరిగిరాలేకపోతే?" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. డబ్బీ వెనక్కిచ్చేసి బయటికొచ్చాడు. దారంతా నామీద గుర్రుగానే ఉన్నాడు.

ఇప్పటికీ ఎవరు కలిసినా నన్ను "వీడో చాదస్తం గాడు" అనే పరిచయం చేస్తాడు. పెళ్ళయింది, స్టాంపింగయింది, వచ్చేటప్పుడు నాకు పూతరేకులు కూడా తెచ్చాడు. చాదస్తమే అనుకోండి, మీ రూమ్మేటుకి కూడా ఒక్కసారి చెప్పి చూడండి.