కిరండూల్ రైల్లో కొత్త కెమెరా

విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. కొత్తగా డీఎస్ఎల్ఆర్ కెమెరా పట్టినవాళ్లకు ఆ నాలుగు గంటలూ, ఆపైన అరకులో గడిపే పూటా మంచి బడి. ఉదయపు నీరెండ, సొరంగాల చీకటి, కొండల మీది మంచు, గుహలో రంగు దీపాలు, పసుపుపచ్చని పూల చేలు ఒక్క రోజులోనే ఎదురవుతాయి. ఈ వ్యాసకర్త ఆ రైలెక్కేనాటికి కెమెరా పెట్టె విప్పి వారమైంది. సెకండ్ హ్యాండులో కొన్న కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 మి.మీ. లెన్సు, అంతే సరంజామా. కంపెనీలు మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాక డీఎస్ఎల్ఆర్‌లు ఇలా చవగ్గా దొరుకుతున్నాయి.

ఈ కెమెరాలో లెన్సు గుండా వచ్చిన వెలుగు ఒక అద్దం మీద పడి, పైనున్న పట్టకంలో తిరిగి కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, తెర తెరుచుకుంటుంది, సెన్సరు మీద బొమ్మ పడుతుంది. ‘టక్’మన్న చప్పుడు అద్దానిదే. కంటి దగ్గర వ్యూఫైండరు పక్కన చిన్న చక్రం ఒకటుంటుంది. చూపుకు తగ్గట్టు దాన్ని తిప్పుకోవాలి. ఆ సంగతి తెలియక వ్యాసకర్త వారం రోజులూ అంతా మసకగా చూసి, లెన్సు పాడైందని అమ్మినవాడితో తగువుకు సిద్ధపడ్డాడు. ప్లాట్‌ఫారం మీద పక్కనున్న కుర్రాడు ఆ చక్రాన్ని రెండు గళ్లు తిప్పితే తగువు తీరిపోయింది.

కొత్తవలస దగ్గర ఈ దారి హౌరా–చెన్నై లైను నుంచి విడిపోతుంది. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960వ దశకంలో వేసిన మార్గమిది. శృంగవరపుకోట దాటేవరకు మైదానమే. కదిలే రైల్లోంచి ఫొటో తీయడం నేర్చుకోవడానికి ఇదే అనువైన చోటు. దూరపు కొండ నిలకడగా వస్తుంది, పట్టాల పక్కన తాటిచెట్టు మాత్రం చెరిగిపోతుంది. దగ్గరి వస్తువు కళ్ల ముందు నుంచి వేగంగా జారిపోవడమే కారణం. దాన్ని పట్టుకోవాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతుకు మించి తెరుచుకోకూడదు.

కిటికీ ఊచలు మరో చిక్కు. ఫోకస్ బిందువును కెమెరాకే వదిలేస్తే అది తనకు దగ్గరగా ఉన్నదాన్ని, అంటే ఊచనే, పట్టుకుంటుంది. మధ్య బిందువు ఒక్కటే ఎంచుకుని, మీటను సగం నొక్కి కొండ మీద ఫోకస్ నిలిపి, తర్వాత పూర్తిగా నొక్కాలి. పెద్ద గాజు కిటికీలుండే విస్టాడోమ్ బోగీలో ఊచలుండవు గానీ గాజులో సొంత చొక్కా ప్రతిబింబం కనిపిస్తుంది. లెన్సు అంచును గాజుకు ఆనించి పెడితే ఆ బెడద చాలావరకు పోతుంది.

శివలింగపురం దాటాక ఎక్కుడు మొదలై, సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆటో మోడ్‌లో పెట్టిన కెమెరా చీకటి పడగానే ఫ్లాష్ ఎగరేసి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. మొదటి రోజు నుంచే మాన్యువల్‌లో తీయాలని చెప్పే గురువులు చాలామంది. ఈ దారిలో ఆ సలహా నిలవదు. చీకట్లో సరిచేసుకున్న అంకెలు ఎండలోకి రాగానే పనికిరావు, మళ్లీ తిప్పుకునేలోపు లోయ వెనకబడిపోతుంది. లెన్సు రంధ్రాన్ని మనిషికీ, షట్టరు వేగాన్ని కెమెరాకూ వదిలే అపెర్చర్ ప్రయారిటీ మోడే మొదటి ఏడాదికి చాలు. ఎఫ్/8 దగ్గర పెడితే మలుపులో వంగిన ఇంజనూ, వెనక కొండా రెండూ తేటగా వస్తాయి.

త్యాడ, చిమిడిపల్లి ప్రాంతాల్లో చలికాలపు మంచు దట్టంగా ఉంటుంది. కెమెరా లోపలి మీటరు తన ముందున్నదంతా నడిమి బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. అందుకే తెల్లటి మంచు ఫొటోలో మురికిగా దిగుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక మెట్టు పైకి, ప్లస్ 1కి, జరిపితే మంచు మంచులా వస్తుంది.

బొర్రా గుహల్లో అసలు పరీక్ష. ఏసీ బోగీలోంచి దిగి గుహలోకి వెళ్తే చల్లబడిన లెన్సు మీద తేమ పేరుకుంటుంది. తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది, కాసేపు ఆగితే దానంతటదే పోతుంది. లోపల సున్నపురాయి పైనుంచి వేలాడుతూ, కిందినుంచి పుట్టల్లా లేస్తూ ఉంటుంది. అందరూ ఫ్లాష్ కొడుతుంటారు. వెలుగుకు సెన్సరు ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె ఐఎస్ఓ. అది 100 దగ్గర ఉంటే కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలుగు రెండు మూడు మీటర్లకు మించి పారదు. అంత పెద్ద గుహలో దానివల్ల వెలిగేది ముందు నిలబడ్డవాళ్ల వీపులే. ఫ్లాష్ ఆపి, లెన్సును 18 మి.మీ. దగ్గరే ఉంచి, రంధ్రాన్ని ఎఫ్/3.5కు పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 3200కు పెంచాలి. జూమ్ చేస్తే ఈ లెన్సులో రంధ్రం ఎఫ్/5.6కు కుంచించుకుపోయి, వెలుగు సగానికన్నా తగ్గుతుంది. షట్టరు సెకనులో పదిహేనో వంతుకు దిగితే చెయ్యి వణుకు బొమ్మలో తెలుస్తుంది. మోచేతుల్ని రెయిలింగు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి తీసినవే వ్యాసకర్తకు దక్కాయి. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో నలుసులు పడతాయి నిజమే. కదిలిపోయిన బొమ్మకన్నా నలుసులున్న బొమ్మ వెయ్యి రెట్లు నయం. రంగురంగుల దీపాల కింద రాయి అసలు రంగు ఏదో కెమెరాకు తెలియదు కనుక ఇక్కడ జేపెగ్ కాకుండా, సెన్సరు పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైలుగా తీస్తే, ఇంటికొచ్చాక వైట్ బ్యాలెన్స్ దిద్దుకోవచ్చు.

బొర్రా నుంచి అరకుకు జీపుల్లో వెళ్లేవాళ్లే ఎక్కువ. అనంతగిరి కాఫీ తోటల నీడ, చెట్లకు పాకిన మిరియాల తీగలు, బొంగు చికెన్ కాల్చే పొగ అన్నీ కెమెరాను పిలుస్తాయి. మనుషుల విషయంలో మాత్రం ముందు అడగాలి. దారి పక్కన సీతాఫలాలు అమ్ముతున్న పెద్దావిడ వైపు వ్యాసకర్త కెమెరా ఎత్తగానే ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. “అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?” అని అప్పుడడిగితే, “పళ్లు తియ్యి బాబూ, నన్నెందుకు?” అంది. ఆ రోజు తీసినవాటిలో బాగా వచ్చింది ఆ బుట్టే.

మధ్యాహ్నం దాటాక వలిసె చేలు. 55 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 పెట్టి, ఒక పువ్వుకు జానెడు దూరంలో కూర్చుంటే వెనకనున్న చేనంతా పసుపు పూతలా కరిగిపోతుంది. నిలబడి తీస్తే అదే చేను చదునుగా ఉంటుంది. నడినెత్తి ఎండలో రేకుల మీది గీతలు చెరిగిపోతాయి కాబట్టి పొద్దు వాలేదాకా ఆగడం మేలు.

వలిసెలు పూసేది నవంబరు, డిసెంబరు నెలల్లో. అప్పుడు విస్టాడోమ్ సీట్లు త్వరగా నిండిపోతాయి, టికెట్లు ముందుగానే చేయించుకోండి. చలికి బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది, రెండోది జేబులో పెట్టుకోండి.