కార్తీకంలో కడియం పెరడు

పూలతోట అనగానే మనకి డ్యూయెట్టే గుర్తొస్తుంది కదూ! హీరోయిన్ పరుగెడుతుంది, హీరో వెంటపడతాడు, ఒక్క కొమ్మ విరగదు. ఆ మొక్కలకి నీళ్లెవరు పోశారో మనకెందుకూ?

చూడాలనుంటే కార్తీకం ఆఖర్లో రాజమండ్రి దగ్గర కడియం రండి. రోడ్డు పొడుగునా నర్సరీలే! నేను మాత్రం అవన్నీ దాటి మా మేనత్త పెరట్లో దిగాను. అరెకరం. గులాబీకి చోటు లేదు. మల్లె, కనకాంబరం, పారిజాతం, నందివర్ధనం... అన్నీ మన మట్టి మొక్కలే.

తెల్లారేసరికి పారిజాతం కింద పూల పక్క! తొక్కకుండా ఏరడం నా డ్యూటీ. తర్వాత పాదుల చుట్టూ కాలవలు తీశాం. వాయుగుండం వచ్చి నీళ్లు నిలిస్తే కనకాంబరం వేరు కుళ్లిపోతుంది.

అసలు క్లైమాక్స్ మల్లె దగ్గర. ముందే నీళ్లు ఆపి, ఆకు దూసిన పొదల్ని మోకాలెత్తుకి కత్తిరించెయ్యాలి. ఆపైన ఎరువు, నీళ్లు. మొగ్గ తొడిగేది కొత్త చిగురుకే. జాలిపడి వదిలేస్తే వేసవిలో ఆకులే మిగులుతాయి.

అయితే ఈ దొడ్డిని ప్లాట్లకి అమ్మేద్దామని బావలిద్దరూ పట్టుబట్టారు. ఉగాదికి రిజిస్ట్రేషనట. మల్లె పూసేదీ అప్పుడే!

"మరి ఇంత చాకిరీ ఎందుకత్తా?" అన్నాను.

"సంతకం పెట్టాల్సింది నేను కదరా. మొగ్గలు చూశాక చెబుతాలే" అని కత్తెర నా చేతికిచ్చింది.

ముప్ఫై పొదల్లో పన్నెండు నావి. చేతికి బొబ్బలు మూడు!