తండ్రి కోచ్ జీతము

కన్నబిడ్డకు తానే టెన్నిస్ నేర్పుకొను తండ్రికి శిక్షణవ్యయ మేమియు నుండదని లోకము తలచును. మా అమ్మాయికి నేనే ఆట నేర్పబూనినపుడు "కోచ్ ఫీజు మిగిలినది గదా!" యని బంధువులు నన్నభినందించిరి. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడనగుటచే ఆ మాటను నమ్మజాలక, అంతవఱకు సాయంకాలములందు దుకాణముల ఖాతాలు చూచి నెలకు గడించుచుండిన 15,000 రూపాయలను, ఆ పని మానిన నెలనుండియే "శిక్షకుని జీతము" అను పద్దుక్రింద ఖర్చు వ్రాయ నారంభించితిని. మా యావిడ నవ్వినది. పద్దు మాత్రము నిలిచినది.

కోర్టు అద్దె, రాకెట్టుకు తీగలల్లు గట్టింగు, గాలి తగ్గి నిర్జీవములగు బంతులు, పాదము పెరుగకముందే అరుగు బూట్లు, ఇవి యూహకందు వ్యయములే. ఊహకందనిది ప్రయాణము. ర్యాంకు కావలెనన్న అఖిల భారత టెన్నిస్ సంఘమువారి పోటీలకై ఊరూరు తిరుగవలెను. 32 మంది గల డ్రాలో తొలి రౌండుననే 16 మంది నిష్క్రమింతురు. రైలు టిక్కెట్టు మాత్రము గెలిచినవారికిని ఓడినవారికిని ఒక్కటే.

ఇంటిని తాకట్టుపెట్టియైన అమ్మాయిని ఆడించుమని మిత్రుడొకడు బోధించి, తండ్రియగు ఇమ్రాన్ మీర్జా శిక్షణలో పెరిగి 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్‌ను, 2005లో హైదరాబాదు డబ్ల్యూటీఏ టైటిల్‌ను గెలిచిన సానియాను ఉదాహరించెను. తండ్రియగు టి.కె. రామనాథన్ తీర్చిదిద్దిన రామనాథన్ కృష్ణన్ 1954లోను, అతని కుమారుడు రమేశ్ 1979లోను వింబుల్డన్ బాలుర విజేతలైరని నేనును ఎఱుగుదును. అయినను చరిత్రకెక్కినవారి పేళ్లే మనకు తెలియును. చరిత్రకెక్కని బిడ్డల తండ్రుల చిట్టాలను చూచినవారెవరు? అప్పుచేసి ఆడించువాని కంటికి బిడ్డ చేసిన డబుల్ ఫాల్టు వడ్డీవలె కనబడును. ఆ కన్నుతో చూచువాడు కోచ్‌గా పనికిరాడు, తండ్రిగా అంతకంటెను పనికిరాడు.

కావున టెన్నిస్ ఖర్చు నెలసరి ఆదాయమునుండియే జరుగవలెననియు, ప్రయాణపు నిధి అడుగంటినచో తరువాతి పోటీని విడువవలెననియు నిశ్చయించుకొంటిని. అమ్మాయి పేర నున్న సుకన్య సమృద్ధి ఖాతా జోలికి పోలేదు. పదవ తరగతి ముగియువఱకో, 18 ఏండ్లు నిండువఱకో చదువునకైనను అందుండి పైకము తీయరాదను నిబంధనను పలువురు నిందింతురు గాని, నావంటి ఆశాపరునికి అది రక్షాకవచమే.

వచ్చే యేడు అమ్మాయి 16 ఏండ్ల లోపు విభాగమునకు పోవును. ఆమె సర్వీసు ఇప్పటికే నా విద్యను మించినది. సాయంకాలపు పనిని మరల చేపట్టి, ఆ 15,000 రూపాయలతో నాకంటె నేర్పరియగు శిక్షకుని నియమించుటయే లాభమని ఆ పద్దు తేల్చుచున్నది. జూన్ నుండి అట్లే చేయబోవుచున్నాను.