నీలం పొగ



మన సంఘం జీపు ఆయిలు తాగుతోందన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. కింద చుక్క కారదు, రేడియేటరు నీళ్లలో కలవదు, అయినా పోస్తూనే ఉండాలి. ఆయిలు డబ్బా ఉండేది బండి నడిపే తమ్ముడి దగ్గర. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, నలుగురు వింటుండగా, "ఈ ఆయిలంతా ఎవరింటికి వెళ్తోందిరా?" అన్నాను. నవ్వుతూనే అన్నానని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నవ్వుతూ అనలేదు. అతను తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు ఆదివారాలు మందిరానికి రాలేదు.

పట్నంలో ఒక షెడ్డులో చూపిస్తే హెడ్డు దించాలి, ఇంజను మొత్తం చేయించాలి అన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం మన మందిరం రేకులకు కూడబెట్టిన దానికంటే ఎక్కువ. చివరికి ట్రాక్టర్లు బాగుచేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తకముందే, "పొగ ఎప్పుడొస్తుంది అయ్యగారూ?" అని అడిగారు.

పొద్దున్నే స్టార్టు చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోతుంది. ఘాటు దిగేటప్పుడు ఎక్సిలేటరు మీద కాలు తీసి, కిందికొచ్చాక మళ్లీ తొక్కితే ఇంకోసారి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రాదు. "రింగులు పోతే ఎక్కేటప్పుడే కదా పొగ రావాలి" అన్నారాయన. గేజి పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ ఇంచుమించు సమానంగా ఉంది. పోయినవి వాల్వు సీళ్లు. వాల్వు కాడను పట్టుకుని ఉండే చిన్న రబ్బరు టోపీలవి. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడితే రాత్రంతా ఆయిలు కాడ వెంబడి లోపలికి జారుతుంది. కాలు తీసినప్పుడు ఇంజను లాక్కునే గాలి దారి మూసుకుపోతుంది కాబట్టి, ఆ పీల్పుకు ఇంకొంచెం ఆయిలు లోపలికి పోతుంది.

హెడ్డు దించకుండా మారుస్తానంటే నాకు నమ్మకం కలగలేదు. స్ప్రింగు తీస్తే వాల్వు సిలిండర్లో పడిపోదా? ఆయన ఒక పాత ప్లగ్గును తొలిచి, దానికి గాలి గొట్టం అతికించి పెట్టుకున్నారు. రాకర్లు విప్పి, పిస్టను పైకి తెచ్చి, బండిని గేరులో ఉంచి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసరు గాలి ఎక్కించారు. ఆ గాలే వాల్వులను పైకి అదిమి పట్టింది. స్ప్రింగును నొక్కి, రెండు చిన్న లాకులు అయస్కాంతంతో తీసి, పాత సీలు పీకి, కొత్తది ఆయిలు రాసి ఎక్కించారు. లాకులు తిరిగి పెట్టేటప్పుడు గ్రీజు పూసి కాడకు అంటించారు. హెడ్డులో ఆయిలు దిగే రంధ్రాలన్నిటికీ ముందే గుడ్డలు కుక్కారు. అయినా ఒక లాకు ఎగిరిపోయింది. దానికోసం అరగంట పాకాం. నా తెల్ల చొక్కా ఇక ఆరాధనకు పనికిరాదు.

మూడు సిలిండర్లయ్యాక కరెంటు పోయింది. రేపు చేద్దామంటారనుకున్నాను. ఆయన బండిని న్యూట్రల్ చేసి, నాలుగో పిస్టను కొంచెం కిందికి దించి, నైలాను తాడును ప్లగ్గు రంధ్రంలోంచి మూర మూరగా లోపలికి దూర్చారు. కొస బయటే ఉంచి, క్రాంకును చేత్తో తిప్పమన్నారు. పిస్టను పైకొచ్చేసరికి తాడు వాల్వుల కింద మెత్తలా బిగుసుకుంది. గాలి చేసిన పనే తాడూ చేసింది. సీళ్లకూ కూలికీ కలిపి 1,800 రూపాయలయ్యాయి.

బలిపీఠం దగ్గర కానుక వదిలి సహోదరుని దగ్గరకు వెళ్లడం గురించి, మత్తయి 5వ అధ్యాయం మీద, నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికి వెళ్లి స్నానం చేసి, టీ తాగి, చీకటి పడేదాకా ఏదో ఒక పని పెట్టుకున్నాను. చివరికి మా ఆవిడే చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

పాత సీళ్లు జేబులో వేసుకుని వెళ్లాను. వాళ్లమ్మగారు కుర్చీ వేశారు. అతను ఒకటి తీసుకుని గోటితో నొక్కితే పెళుసుగా విరిగింది.

"ఎనిమిదీ ఇలాగే ఉన్నాయా అయ్యగారూ?"

"ఎనిమిదీ. నన్ను క్షమించు నాయనా."

అతనేమీ అనలేదు. పోయిన ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చుని, ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోయాడు. తాళాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. నలుగురి ముందు అన్న మాట కాబట్టి నలుగురూ చదివే చోటే రాస్తున్నాను. అతను మన ఆయిలు ఒక్క చుక్క కూడా తీయలేదు.