భద్రాచలం కబురు

మా అక్క అత్తవారిల్లు పి.గన్నవరం దగ్గర ఓ లంకలో. జులై, ఆగస్టుల్లో బావ పొద్దున్నే లేచి చూసేది టీవీలో భద్రాచలం నీటిమట్టం. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 దాటిందని తెలియగానే, వాకిట్లో చుక్క నీరు లేకపోయినా సామాన్లు అటకెక్కించి, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలేశారు.

ఆ అక్కే ఏడేళ్ల క్రితం నాకు కిడ్నీ ఇచ్చింది. ‘రెండున్నాయిగా, ఒకటి నీ దగ్గరుంటే ఏంట్రా’ అంది, పెరట్లో పనసకాయ ఇచ్చినంత తేలిగ్గా. అప్పట్నుంచీ మూడు నెలలకోసారి అమలాపురంలో రక్తమిచ్చి, క్రియాటినిన్ కాగితం చేతికొచ్చేదాకా దేవుళ్లందర్నీ తలుచుకోవడమే. 1.2 వస్తే ఇంటికి పూతరేకులు పట్టుకెళ్లేవాణ్ని.

మూడో ఏట 1.9 వచ్చింది. ఒక్క మాత్ర తప్పలేదు. జ్వరం లేదు, వాపు లేదు. బయాప్సీ చేస్తే, శరీరం కిడ్నీని తిరస్కరిస్తోందన్నారు. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చాక 1.5కి దిగి, అక్కడే ఆగింది. అక్కకి చెప్పలేదు. ఎలా చెప్పను? అది ఆవిడ కిడ్నీ.

‘ముందే తెలీదాండీ?’ అని డాక్టరుగారిని అడిగాను. క్రియాటినిన్ పెరిగేసరికే కొంత దెబ్బ తగిలి ఉంటుందట. అంతకుముందే కణాల్లో కొన్ని జన్యువులు జోరుగా పనిచేస్తాయి, కొన్ని నెమ్మదిస్తాయి. వాటినుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిస్తే ఆ తేడా దొరుకుతుంది. 2016లో ‘లాన్సెట్’లో వచ్చిన గోకార్ అధ్యయనంలో, మార్పిడి జరిగిన 3 నెలలకి తీసిన చిన్న ముక్కలో 13 జన్యువుల తీరు చూసి, ఏడాదికల్లా ఏ కిడ్నీ మచ్చకట్టి గట్టిపడేదీ అంచనా వేశారు. రక్తంలోనే 17 జన్యువులు చూసే పరీక్ష 2014లో ఆశపెట్టింది కానీ, తర్వాత మరికొందరు రోగుల్లో చూస్తే నిలబడలేదు. అంచనా తప్పితే అక్కర్లేని మందులు వాడాలిగా! ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

కిందటి నెల అక్కతో ఇదంతా చెప్పాల్సొచ్చింది. మందుల సంచీలో పాత కాగితం ఆవిడ కంటపడింది మరి.

‘అంటే భద్రాచలం కబురన్నమాట’ అంది.

‘అంతే అక్కా.’

కాగితం మీద తేదీ చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

‘నాలుగేళ్లయిందిరా. మరి నాకెందుకు కబురు పెట్టలేదు?’