మడత ఇల్లూ, ఉప్పుగాలీ

పిల్లలూ!

నత్త తన ఇంటిని తనే మోసుకుపోతుంది. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే దాని ఇల్లు. మనిషికి అటువంటి సదుపాయం లేదు గనుక, ఊరు దాటి పోతే సత్రమో, చుట్టాలిల్లో వెతుక్కోవాలి. ఈ లోటు తీర్చుకోవటానికి మనిషి అనేక ఉపాయాలు పన్నాడు. వాటిలో ఒకటి మడత డేరాబండి. ఇవాళ దాని సంగతి చెబుతాను. అందుకు మిమ్మల్ని నెల్లూరు సముద్రతీరానికి తీసుకుపోవాలి. ఎందుకంటారా? అటువంటి బండి మంచిదో కాదో తేల్చగల పరీక్షాధికారి అక్కడ ఉన్నాడు. ఆయన పేరు ఉప్పుగాలి.

ముందు బండి ఎలా ఉంటుందో చూద్దాం. కారు వెనక తగిలించి లాగే రెండు చక్రాల బండి అది. దారిలో చూస్తే పెద్ద భోషాణం పెట్టెలా ఉంటుంది. ఎత్తు తక్కువ గనుక ఎదురుగాలి దానిని అంతగా అడ్డదు, కారుకు లాగటం తేలిక. దిగవలసిన చోట నాలుగు మూలలా కాళ్లు దించి, బండి ఒరగకుండా మట్టం చేస్తారు. తరువాత ఒక పిడిని పట్టుకుని తిప్పుతారు. నూతి గిలకమీద చేదతాడు నడిచినట్టు, లోపల కప్పీలమీద ఉక్కుతాళ్లు నడిచి పైకప్పు మెల్లగా లేస్తుంది. రెండు వైపులా మంచాలు సొరుగుల్లా బయటికి వస్తాయి. కప్పుకూ మంచాలకూ మధ్య డేరాగుడ్డ బిగుసుకుని గోడలవుతుంది. కొంచెం సేపట్లో నలుగురు పడుకునే ఇల్లు తయారు! తెల్లవారి మళ్లీ మడిస్తే పెట్టె.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, అమెరికాలో మోటారు కార్లు పెరుగుతున్న కాలంలో ఇటువంటి బండ్లు వాడుకలోకి వచ్చాయి. మన దేశంలో ఇప్పటికీ ఇవి అరుదు. మన చట్టంలో దీనిని గురించి ఒక వింత ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను లేకపోయినా ట్రైలరు కూడా మోటారు వాహనమే! అందుచేత దానికీ రిజిస్ట్రేషన్ కాగితాలు ఉండాలి.

నా దగ్గర చదువుకున్న నలుగురు ఇప్పుడు పిల్లల తండ్రులు. ఇద్దరు బడిపంతుళ్లు, ఒకరు బ్యాంకులో గుమాస్తా, ఒకరికి చిన్న కొట్టు ఉన్నది. ఎవరికీ డబ్బు ఊరికే రాదు. తలా ఒక డేరాబండి కొనుక్కుని, సెలవుల్లో పిల్లలతో మైపాడుకూ, కోడూరుకూ, పులికాటు సరస్సుకూ పోవాలని వాళ్ల ముచ్చట. “అయ్యవారూ, కొనమంటారా, వద్దంటారా?” అని నన్ను అడిగారు.

“నాయనా, కొనటానికి ఎంతవుతుందో మీకు తెలుసు. ఉంచుకోవటానికి ఎంతవుతుందో తెలుసుకున్నారా?” అన్నాను.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరే, ఆ మార్చి నెలలో ఒక ఆదివారంనాడు వాళ్లనూ, వాళ్ల పిల్లలనూ వెంటబెట్టుకుని నెల్లూరు నుంచి మైపాడు దారి పట్టాను. సుమారు పాతిక కిలోమీటర్ల ప్రయాణం.

దారిలో కోతలైన వరిపొలాల్లో బాతుల మంద కనబడింది. మన జిల్లాలో బాతులు మేపేవారు కోతలు ఎక్కడైతే అక్కడికి మందను తోలుకుపోతారు. రాలిన గింజలూ, నత్తలూ, పురుగులూ బాతులకు మేత. కాపరుల ఇల్లు చూశాం. నాలుగు వెదురు బొంగులు, మీద ఒక టార్పాలిన్ పట్ట. బాతులకు వల దడి. అంతా విప్పి చుట్టటానికి ఎంతోసేపు పట్టదు. బొంగు విరిగితే పక్క ఊళ్లో బొంగు దొరుకుతుంది. పట్ట చిరిగితే సంతలో పట్ట దొరుకుతుంది. ఇదీ మడత ఇల్లే కదా! ఇక్కడ మా వాళ్లు మొదటి పాఠం రాసుకున్నారు: ఏ భాగం పాడైనా దగ్గరలో దొరకాలి, దగ్గరలో బాగుచేసేవాడు ఉండాలి. ఎక్కడో దూరదేశంలో తప్ప దొరకని కప్పీ ఒకటి తెగితే, ఎంత ఖరీదైన బండి అయినా మూతపడ్డ పెట్టె అవుతుంది.

ఇంకొంత దూరం పోయాక బకింగ్‌హాం కాలువ వచ్చింది. ఈ ఉప్పునీటి కాలువ తవ్వకం 1806లో మద్రాసు వైపున మొదలైంది. తరువాత ముక్కలు ముక్కలుగా పెరిగి, మన తీరం వెంబడే సాగింది. 1876–78 కరువులో కూలి లేని జనానికి పని చూపించటానికి కూడా దీనిని తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దీనికి నిలిచింది. ఒకప్పుడు ఉప్పూ, ధాన్యమూ, శ్రీహరికోట సరుగుడు కట్టెలూ పడవలమీద ఇందులోనే మద్రాసుకు పోయేవి. రైళ్లూ లారీలూ వచ్చి సరుకు తగ్గింది. 1965, 1966, 1976 సంవత్సరాల తుపానులు గట్లను దెబ్బతీశాయి. పూడిక పేరుకుపోయింది. తవ్వటానికి అయిన ఖర్చు ఒక్కసారిది. పూడిక తీసే ఖర్చు ఏటేటా ఉంటుంది. ఆ రెండో ఖర్చు పెట్టేవారు లేకపోతే కాలువంత కాలువ అయినా నిలవదు.

తీరానికి చేరి ఒక పట్టపుపాళెంలో ఆగాం. అక్కడ ఒక ముసలి జాలరి తన తెప్ప తాళ్లు విప్పి, దుంగలను విడివిడిగా ఇసుకమీద ఆరబెడుతున్నాడు. పిల్లల్లో ఒక అమ్మాయి, “తాతా, రేపు మళ్లీ కట్టాలి గదా, ఎందుకు విప్పటం?” అని అడిగింది.

“కొయ్య నీళ్లు తాగుతుందమ్మా. తాగినదాన్ని అట్టే వదిలేస్తే బరువెక్కుద్ది. రేపు తేలదు, ఎల్లుండికి కుళ్లుద్ది. కట్టటం ఎంత పనో ఆరబెట్టటం అంత పని,” అన్నాడు తాత.

డేరాబండికి ఇదే ముఖ్యసూత్రం. తడిసిన గుడ్డను అలాగే మడిచి మూత వేస్తే, లోపల చీకటీ, చెమ్మా, వేడీ ఉంటాయి. బూజుకు అంతకన్న ఏం కావాలి? ఒకటి రెండు రోజుల్లోనే నల్లమచ్చలు మొదలవుతాయి. నూలుగుడ్డ అయితే బూజు దాని పోగులనే తినేస్తుంది. ప్లాస్టిక్ పూతగుడ్డను బూజు అంత తొందరగా తినలేదు గాని, ఎండ దానిని పెళుసు చేస్తుంది. కాబట్టి వానలో బండి మడవవలసివస్తే, ఇల్లు చేరగానే మళ్లీ విప్పి ఆరబెట్టాలి. అంటే, బండి మడిచినంత చోటు చాలదు, విప్పినంత చోటు ఇంటి దగ్గర ఉండాలి.

పక్కనే ఫైబరు బోట్లు ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత మన తీరంలో ఇవి బాగా పెరిగాయి. ఫైబరు కుళ్లదు, తుప్పు పట్టదు. మరి ఖర్చు లేదా? ఉన్నది. ఇసుకమీద ఈడ్చేటప్పుడు అడుగు అరుగుతుంది, బీటలు వస్తాయి. వాటికి పట్టీ అంటించాలి. ఇంజనును మంచినీళ్లతో కడగాలి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. ఆ రోజుల్లో జాలర్లు వలలు బాగుచేసుకుంటారు, బోట్లకు మరమ్మతులు చేసుకుంటారు. వాళ్ల కూడు ఆ బోటుమీదే గనుక, మరమ్మతును వాళ్లు ఎన్నడూ వాయిదా వెయ్యరు.

ఇక పరీక్షాధికారిగారి పని చూద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నదులు కలవటంచేత మన బంగాళాఖాతంలో కొంచెం తక్కువ. అల విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరను గాలి ఒడ్డుకు మోసుకొస్తుంది. నీరు ఆరిపోయి ఉప్పు వస్తువులమీద నిలుస్తుంది. ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుని, ఇనుమును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. తుప్పుపట్టటం కూడా ఒక విధమైన విద్యుత్ క్రియే గనుక, అది వేగం పుంజుకుంటుంది. జింకు పూత పూసిన ఇనుమైతే ముందు జింకు తను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. అల్యూమినియం రేకుకు మామూలు ఇనుప మర బిగిస్తే మాత్రం ప్రమాదం. రెండు లోహాలు కలిసినచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినుకుపోతుంది.

కనుక బండి కొనేవాడు రంగూ, పరుపులూ చూసి మురిసిపోరాదు. చూడవలసినవి ఇవి: అడుగు చట్రానికి జింకు పూత ఉన్నదా? నేలచెక్కను బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగుతున్నదా? దిగితే నీరు చేరినట్టే. కప్పు ఎత్తేటప్పుడు నాలుగు మూలలూ సమంగా లేస్తున్నవా? ఉక్కుతాళ్ల పురులు తెగి ఉన్నవా? గుడ్డ కుట్లమీద పగటి వెలుగు కనబడుతున్నదా? చక్రాల బేరింగుల్లో గ్రీజు ఉన్నదా? టైర్ల పక్కలు నెర్రెలిచ్చాయా? వాడకుండా ఎండలో పెట్టిన టైరు కూడా ముసలిదవుతుంది సుమా!

తరువాత సరుగుడు చెట్ల నీడలో కూర్చుని, ఇసుకమీద కర్రతో లెక్క వేశాం. ఇవి బజారు ధరలు కావు, నల్లబల్లమీద లెక్కకు నేను అనుకున్న అంకెలు. మీరూ పలకమీద వేసి చూడండి.

గట్టి బండి ధర 5,00,000 రూపాయలు అనుకుందాం. 10 ఏళ్లు వాడి, 1,00,000కు అమ్మామనుకుందాం. అంటే ఏటికి 40,000 తరుగుదల. ఇక పోషణ ఖర్చు ఏటికి: టైర్లకు 2,000, గ్రీజు, బ్రేకులకు 3,000, రంగు, మరలకు 4,000, కాగితాలకూ బీమాకూ 5,000, షెడ్డు అద్దె 10,000. పదేళ్లలో ఒకసారి గుడ్డ మార్చటానికి 60,000, ఏటికి 6,000. మొత్తం 30,000. రెండూ కలిపితే 70,000. ఏడాదికి 10 రాత్రులు గడిపితే రాత్రికి 7,000 పడుతుంది!

మరి చవకబండి? ధర 3,00,000. జింకు పూత లేదు, గుడ్డ నాసి. 6 ఏళ్లకే పాత ఇనుము. ఏటికి తరుగుదల 50,000. మరమ్మతులు 55,000 అనుకుందాం. మొత్తం 1,05,000. చూశారా? ధరలో రెండు లక్షలు మిగిలినట్టు కనబడి, ఏటేటా 35,000 ఎక్కువ తినేసింది.

కొట్టు ఉన్నాయన కొంచెంసేపు ఆలోచించి, “అయ్యవారూ, నలుగురం కలిసి గట్టిదే ఒకటి కొంటే?” అన్నాడు. అప్పుడు ఏడాదికి 35 రాత్రులు వాడతారు. ఎక్కువ వాడకానికి ఇంకో 7,000 ఖర్చు కలిపి 77,000. రాత్రికి 2,200. బండి అదే, వాడేవాళ్లు పెరిగేసరికి ఖర్చు మూడోవంతుకన్న తక్కువైంది.

డబ్బు లెక్క తేలినా మరొక లెక్క మిగిలింది. పులికాటుకు ఫ్లెమింగోలూ, నేలపట్టుకు గూడబాతులూ వచ్చేది చలికాలంలో. (ఆ సూళ్లూరుపేట ప్రాంతం 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నది.) కాని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వానలూ, తుపానులూ వచ్చే కాలం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గరా, 1989 నవంబరులో కావలి దగ్గరా తుపానులు తీరం దాటాయి. గుడ్డగోడల ఇల్లు తుపానుకు ఆగదు. హెచ్చరిక వచ్చిందంటే బండిని మడిచి లోపలి ఊళ్లకు వచ్చెయ్యాలి. మడవటానికి వ్యవధి లేకపోతే బండిని వదిలి మనుషులు రావాలి. బండి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికన్న మేలు. అప్పుడైనా ఇసుకతిన్నెలమీదికి బండి తోలరాదు. చక్రం దిగబడుతుంది. పైగా సముద్రపు తాబేళ్లు ఆ నెలల్లోనే ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. గట్టినేలమీద, అనుమతి ఉన్నచోట ఆగి, రాత్రి దీపాలు తగ్గించుకోవాలి.

మా వాళ్లు చివరకు ఒక మాటమీదికి వచ్చారు. నలుగురికీ ఒకటే బండి. దానికి ముందు సముద్రానికి దూరంగా, నెల్లూరులో ఒకరి దొడ్లో షెడ్డు. ఒక పుస్తకంలో ఎవరు ఎప్పుడు కడిగారో, ఎవరు ఆరబెట్టారో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం రాసే పని పిల్లలకు అప్పగించారు. ఒక సాలు గడవకముందే వాళ్లు పెద్దల సంతకాలు రాబట్టటంలో గట్టివాళ్లయ్యారు.

మీరూ ఇంటి దగ్గర పరీక్షాధికారిగారి పని చూడవచ్చు. కొత్త ఇనుపమేకులు నాలుగు తీసుకోండి. ఒకదానిని పొడిగా ఉంచండి. రెండోదానిని మంచినీళ్లలో తడిపిన గుడ్డలోనూ, మూడోదానిని ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలోనూ చుట్టండి. నాలుగోదానికి బాగా నూనె రాసి, ఉప్పునీళ్లగుడ్డలోనే చుట్టండి. గుడ్డలు ఆరిపోతే మళ్లీ తడపండి. వారంరోజుల తరువాత విప్పి, ఏ మేకు ఎలా ఉన్నదో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత మీ సైకిలు గొలుసు ఒకసారి చూసుకోండి.