చిల్లర తిత్తి

మా హోసూరు ప్రాంతంలో ఒకే వస్తువుకు వీధికొక పేరుంటుంది. ఆడవాళ్ళు నడుమున దోపుకునే చిన్న డబ్బుసంచిని తమిళులు సురుక్కుప్పై అంటారు; అనగా తాడు లాగితే మూతి ముడుచుకునే సంచి. కన్నడం మాట్లాడేవారు సంచి అంటారు. మా యింట్లో మాత్రం తిత్తి. కొలిమికి గాలి ఊదేదీ తిత్తే, వెనకటి వర్తకుడు రూకలు పోసుకున్నదీ తిత్తే. ఇప్పుడు ఆ మాటా తక్కువ వినబడుతున్నది, ఆ వస్తువూ తక్కువ కనబడుతున్నది. అందరి నోటా పర్సు అనే మాటే. పేరు ఏదయితేనేం గాని, దానిని గురించి నాలుగు మాటలు చెప్పి, మూతికి లోహపు చట్రం వేసి దానిని ఇంట్లోనే కుట్టుకునే పద్ధతి కూడా చెబుదామని యీ వ్యాసం.

నేను కృష్ణగిరిలో ఒక కార్యాలయంలో గుమాస్తాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం. హోసూరు నుంచి శూలగిరి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు రోజూ బస్సు ప్రయాణం. 2021 మే నెలలో ప్రభుత్వం సాధారణ టౌను బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేకుండా చేసింది గాని, మాది ఊరికీ ఊరికీ మధ్య నడిచే బస్సు గనుక ఆ భాగ్యం మాకు పట్టలేదు. ఉదయం పూట కూర్చునే చోటు దొరకదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడి ఉండగా కండక్టరు వచ్చి "సిల్లరై" అంటాడు. పెద్ద చేతిసంచిలో అన్నం డబ్బా, గొడుగు, కళ్ళజోడు, వీటి అడుగున ఎక్కడో చిల్లర! తాడు లాగే తిత్తికి రెండు చేతులు కావాలి. రెండు గుండ్లు ఒకదానిమీదొకటి పడి టిక్కుమని మూసుకునే తిత్తికి బొటనవేలూ చూపుడువేలూ చాలు. ఉద్యోగం చేసే ఆడదానికి యీ తేడా చిన్నది కాదు.

అయితే దానిని ఇష్టపడడానికి అంతకన్నా పెద్ద కారణం ఒకటి ఉన్నది. అది మా అవ్వ తిత్తి.

పొలం తాతది, బేరం తాతది, సంతకం తాతది. అయినా అవ్వ రొంటిన దోపిన తిత్తి జోలికి ఆయన కూడా పోయేవాడు కాదు. అందులో ఆకూ వక్కా, సున్నపు డబ్బీ, వాటి అడుగున దుడ్డు. పాలు పోసిన దుడ్డు, చింతపండు గింజలు కొట్టిన కూలి దుడ్డు. ఎంత ఉన్నదో ఎవరికీ తెలియదు. నేను పదో తరగతి పరీక్షకు కట్టవలసిన రుసుముకు గడువు దగ్గరపడినప్పుడు, "ఆడపిల్లకు ఇంత చదువు చాలు" అన్నాడు మా నాన్న. అవ్వ వాదానికి దిగలేదు. సాయంత్రం నన్ను పశువుల కొట్టం దగ్గరికి పిలిచింది. తిత్తి తాడు వదులు చేసి, నాలుగు మడతలు పెట్టిన నోట్లూ, చిల్లరా నా దోసిట్లో పోసి, "పోయి కట్టు. ఎవురన్నా అడిగితే నేనిచ్చినానని చెప్పు" అన్నది. ఆ రుసుము పుణ్యాన పరీక్ష, ఆ పరీక్ష పుణ్యాన యీ గుమాస్తా ఉద్యోగం.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను, ఆడదాని అధీనంలో ఉన్న ఆస్తికి ఆమెనే పూర్తి హక్కుదారుగా చేసింది. గొప్ప సంగతే. కాని చట్టం పొలం గట్టుమీదికి వస్తుంది, నగల పెట్టె దగ్గరికి వస్తుంది. రేపటి గడువుకు ఇవాళ సాయంత్రంలోగా కావలసిన ఆ కొద్దిపాటి దుడ్డు దగ్గరికి రాదు. అక్కడికి రాగలిగింది తిత్తి ఒక్కటే.

ఇక లోహపు చట్రం సంగతి. యూరపులో 19వ శతాబ్దంలో ఇటువంటి పర్సుల వాడుక బాగా పెరిగింది. 1868లో మొదలయిన మెయిజీ యుగంలో జపానుకు చేరింది. అక్కడివారు దీనికి గమాగుచి అని పేరు పెట్టారు. కప్పనోరు అని అర్థం. నోరు తెరిచిన పర్సును ఒకసారి చూస్తే ఆ పేరు ఎంత తగినదో తెలుస్తుంది. బెంగుళూరు మాకు 40 కిలోమీటర్లే గనుక, కుట్టుపని సామాను అమ్మే చిక్కపేట అంగళ్ళలో నేను చట్రాలు తెచ్చుకుంటాను. ఇవి రెండు రకాలు. ఒకదానికి అంచు పొడవునా సన్నని రంధ్రాలుంటాయి, సూదితో కుట్టాలి. రెండవదానికి లోపల గాడి ఉంటుంది. గుడ్డ అంచును జిగురుతో అందులోకి దూర్చాలి. మొదటిసారి చేసేవారు సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పు చట్రం తీసుకోవడం మంచిది. అంతకన్నా చిన్నదయితే మూడు వేళ్ళు లోపలికి పోవు.

లోపల పడే నాణాలను బట్టి గుడ్డను ఎంచుకోవాలి. అవ్వ చిన్నతనం అణాల కాలం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 2011 జూన్ 30తో 25 పైసలూ, అంతకు తక్కువ నాణాలూ చెల్లకుండా పోయాయి. ఇప్పుడు 10 రూపాయలకూ 20 రూపాయలకూ కూడా నాణాలున్నాయి. 10 రూపాయల నాణెం చెల్లదని పుకారు పుట్టి అంగళ్ళవాళ్ళు తీసుకోని రోజులున్నాయి; చలామణిలో ఉన్న 14 రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించవలసి వచ్చింది. ఈ రెండు నాణాలూ 27 మిల్లీమీటర్ల అడ్డం కలవి, బరువైనవి. ఒంటిపొర రవిక గుడ్డ వీటికి ఎన్నాళ్ళో ఆగదు. అందుచేత పైన దళసరి నేతగుడ్డ, లోపల గట్టి నూలు అస్తరు, నడుమ పలుచని బక్రం ఉండాలి. పైగుడ్డకు కొత్తది కొననక్కరలేదు. పాత చీర కొంగు, మిగిలిన రవిక గుడ్డ, ఏదయినా సరిపోతుంది. కొనదలిస్తే మాకు బరగూరు బట్టల అంగళ్ళు ఉండనే ఉన్నాయి.

ముందు కాగితం మీద నమూనా గీయాలి. మూసిన చట్రాన్ని కాగితంపై పెట్టి, ఒక కీలు నుంచి రెండవ కీలు దాకా పై అంచు వెంబడి గీత గీయండి. రెండు కీళ్ళ చోటా చుక్కలు పెట్టండి. ఆ చుక్కలనుంచి గీతలను నేరుగా కిందికి దింపకుండా కొద్దిగా వెలుపలికి వాల్చండి. ఎంత వాలిస్తే పర్సు నోరు అంత బాగా తెరుచుకుంటుంది. అడుగు భాగం గుండ్రంగా గీసి ముగించండి. ఇప్పుడు గాడి పొడవును కీలు నుంచి కీలుకు ఒక దారంతో కొలిచి, అదే దారాన్ని నమూనా పై గీతమీద పరచండి. రెండూ సమానంగా ఉంటేనే ముందుకు సాగండి. చుట్టూ కుట్టుకోసం ఒక సెంటీమీటరు విడిచి, పైగుడ్డ రెండు ముక్కలు, అస్తరు రెండు ముక్కలు కత్తిరించండి. బక్రం మాత్రం కుట్టుబడి లేకుండా కత్తిరించి, పైగుడ్డ వెనక ఇస్త్రీతో అంటించండి.

పైగుడ్డ ముక్కలను మంచివైపులు లోపలికి ఉండేట్లు కలిపి, ఒక కీలు చుక్కనుంచి అడుగుమీదుగా రెండవ కీలు చుక్కదాకా కుట్టండి. చుక్క దాటి పైకి పోకూడదు. పోయిందా, నోరు తెరిచినప్పుడల్లా ఆ మూల పట్టి చిరుగుతుంది. అస్తరు కూడా అలాగే. తరువాత పైగుడ్డ సంచిని తిరగవేసి, అస్తరు సంచిలో దూర్చండి. మంచివైపులు ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. పై అంచులు కలిపి కుట్టి, ఒకవైపు మూడు వేళ్ళ వెడల్పు సందు విడవండి. ఆ సందులోంచి సంచిని బయటికి లాగి, అస్తరును లోపలికి సర్ది, ఇస్త్రీ చేసి, అంచు చుట్టూ సన్నగా ఒక కుట్టు వేస్తే సందు కూడా మూసుకుంటుంది.

చట్రం ఎక్కించేటప్పుడు ఓపిక కావాలి. వడ్రంగులు వాడే తెల్ల జిగురే మంచిది. అది మెల్లగా ఆరుతుంది గనుక సర్దుకునేందుకు వ్యవధి ఉంటుంది. పుల్లతో గాడి లోపల పలుచగా పూసి, గుడ్డ అంచు మధ్యభాగాన్ని గాడి మధ్యలోకి ముందు దూర్చండి. తరువాత రెండు కీళ్ళవైపు. చివరికి వంపులు. గుడ్డ వదులుగా ఉన్నట్లయితే కాగితాన్ని సన్నని తాడుగా పేని, లోపలివైపు నుంచి మొండి స్క్రూడ్రైవరుతో గాడిలోకి నొక్కండి. ఆ పేనిన కాగితమే గుడ్డను బిగించి పట్టుకుంటుంది. ఒక పక్క అయిన తరువాత రెండవ పక్క. కీళ్ళ దగ్గర గాడి కొసలను, గుడ్డ పీలిక అడ్డం పెట్టి, పటకారుతో కొద్దిగా నొక్కాలి. నోరు తెరిచే ఒక రాత్రంతా ఆరనివ్వాలి. రంధ్రాల చట్రమయితే జిగురుతో పని లేదు. జంట దారంతో మధ్య రంధ్రం నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ వెనక కుట్టు వేసుకుంటూ పోవడమే.

మొన్న ఒక ఆదివారం నేను ఇలా గుడ్డ దూర్చుతూ ఉంటే మా తమ్ముని కూతురు పక్కన కూర్చున్నది. వేపనపల్లి వైపు పల్లెనుంచి వచ్చి హోసూరులో ఒక కర్మాగారంలో పనిచేస్తున్నది. హాస్టలులో ఉంటుంది. "అత్తా, ఇప్పుడు దుడ్డు చేత్తో ఎవురు ముడతారు? పూలమ్మే ఆమె కూడా ఫోన్లోనే వేయమంటుంది గదా" అని నవ్వింది. నిజమే. 2016లో వచ్చిన యూపీఐ పుణ్యాన నేను కూడా కూరగాయలు ఫోనుతోనే కొంటున్నాను.

"అయితే నీకు కుట్టను లేవే" అన్నాను. కొంతసేపు ఊరకున్నది. తరువాత మెల్లగా చెప్పింది. దాని జీతం పడే ఖాతా దానికి సొంత ఫోను లేని రోజుల్లో తెరిచారట. బ్యాంకు కబుర్లన్నీ నేటికీ మా తమ్ముని ఫోనుకే పోతాయి. ఇక్కడ అది రెండు మూరల మల్లెపూలు కొన్నా, స్నేహితురాళ్ళతో దోసె తిన్నా, అక్కడ ఫోను మోగుతుంది. రాత్రికి ఊరినుంచి, "యాల అంత ఖర్చు?" మా తమ్ముడు చెడ్డవాడు కాడు. బిడ్డ సొమ్ము ఎవరయినా మోసంచేసి కాజేస్తారేమోనని వాని భయం. కాని లెక్క అడిగే ప్రేమ కూడా లెక్కే అడుగుతుంది. "ఖాతాకు నీ నంబరు మార్పించుకో, బ్యాంకుకు నేను తోడు వస్తాను" అన్నాను. "నాయనతో చెప్పి మారుస్తానత్తా. చెప్పకుండా మార్చితే నొచ్చుకుంటాడు" అన్నది. దాని మాటా సబబే.

2023 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం అర్హులైన గృహిణులకు నెలకు 1000 రూపాయలిచ్చే పథకం మొదలుపెట్టింది. దాని పేరులోనే ఉరిమై, అనగా హక్కు, అన్న మాట ఉన్నది. ఆ సొమ్ము పడేదీ బ్యాంకు ఖాతాలోనే. ఆ ఖాతా కబురు ఎవరి ఫోనులో మోగుతుందో ఒక్కసారి మన మన ఇళ్ళలో చూసుకోవడం మంచిది కాదూ?

ఆ రోజు సాయంత్రం అది వెళ్ళేటప్పుడు పర్సు తీసుకునే వెళ్ళింది. యంత్రంలో ఒకేసారి 500 రూపాయలు తీస్తే ఒకే కబురు పోతుందనీ, ఆ 500 ఏమయిందో ఏ కబురూ పోదనీ దానికది లెక్క కట్టుకున్నది. నెల తిరిగి వచ్చి అదే రకంవి మరి రెండు కావాలన్నది, హాస్టలులో ఎవరికో. తన పర్సు గుండ్లు వదులయ్యాయని నా ముందు పెట్టింది. అంతగా తెరిచి మూసిందన్నమాట. దేనికి తెరిచావే అని నేను అడగలేదు. మా అవ్వ తిత్తిలో ఎంత ఉందని ఆమెను ఎవరూ అడగలేదు గదా.

గుండ్లు వదులయితే పర్సు పారవేయనక్కరలేదు. పటకారు కొసకు గుడ్డ చుట్టి, ఒక గుండును రెండవదానివైపు వెంట్రుకవాసి వంచితే మళ్ళీ టిక్కుమంటుంది. గుడ్డ చిరిగినా చట్రం చెడదు. పాత గుడ్డ ఊడదీసి, దానినే నమూనాగా పెట్టి, కొత్తది వేసుకోవచ్చును. ఒక చట్రం ఎన్ని గుడ్డలకయినా వస్తుంది. మీ ఇంట్లో ఉద్యోగానికో చదువుకో బయలుదేరే ఆడపిల్ల ఉంటే ఒకటి కుట్టి ఇవ్వండి. ఖాళీగా ఇవ్వకుండా అందులో కొంత చిల్లర వేసి ఇవ్వండి.